ఇతను ఇలా చేయడు

మా వారపత్రికలో సీరియళ్ళు చూసేది నేనే. పాత్ర స్వభావం తప్పిందంటే నాకు ఒళ్ళు మండుతుంది. పోయిన వారం దాకా పిల్లికి భిక్షం పెట్టనివాడు ఈ వారం దానకర్ణుడైపోతే ఊరుకుంటానా? పక్కన ఆకుపచ్చ సిరాతో "ఇతను ఇలా చేయడు" అని రాసి తిప్పికొడతాను. నా పేరు చెబితే రచయితలకు హడల్.

సొంత చెల్లెలైనా అంతే. అది ఈమధ్యే ఒక సీరియల్ మొదలుపెట్టింది. అందులో భర్త నోట్లో నాలుక లేని మనిషి. ఒక భాగంలో భార్య స్నేహితురాలి ఇంటి నుంచి ఆలస్యంగా వస్తుంది. ఆయన ఒక్క మాటా అనడు. స్టూలు వేసుకుని ఇంట్లో బల్బులన్నీ విప్పేసి, చీకట్లో కూర్చుని, వడ్డించమంటాడు.

నాకు నవ్వొచ్చింది. ఫోన్ చేసి దులిపేశాను. ఇదేం చోద్యమే, కోపమొస్తే మనిషన్నవాడు అరుస్తాడు, లేకపోతే చెయ్యి చేసుకుంటాడు, బల్బులు విప్పే మొగుణ్ణి ఎక్కడ చూశావే అన్నాను. సరే అక్కా, మార్చి పంపిస్తానంది అది. మార్చిన భాగంలో భర్త భార్య చెంప పగలగొట్టాడు. ఇప్పుడు అతికినట్టు సరిపోయిందని సంబరపడి అచ్చుకిచ్చాను.

ఆ సంచిక వచ్చిన రోజే మధ్యాహ్నం మా మరిది ఆఫీసుకొచ్చాడు. చెల్లెలి మొగుడు. బంగారం లాంటి మనిషి. అల్లుడంటే ఇలా ఉండాలని మా అమ్మ వీధంతా చెప్పుకు తిరుగుతుంది. పత్రిక నా బల్ల మీద పెట్టి, అంచులు సరిచేసి కూర్చున్నాడు.

"ఇది బాగాలేదు వదినా," అన్నాడు మెల్లగా. "అతను కొట్టడు."

పాఠకులు నమ్మాలి కదా అన్నాను.

"కొట్టేవాడైతే ఆవిడ ఎప్పుడో మీ దగ్గరికి వచ్చేసేది."

ఆవిడ నా దగ్గరికెందుకు వస్తుందని అడిగాను. ఆయన నవ్వాడు. మొదట రాసిందే సరిగ్గా ఉందని, అనవసరంగా పాడు చేశారని, ఏదేమైనా మా చెల్లెలు ఇక రాయదని చెప్పాడు. బజారు మీదుగా ఇంటికి వెళ్తానని లేచాడు.

ఆయన మలుపు తిరగ్గానే ఆటో ఎక్కాను. వాళ్ళింటి వీధి తలుపు తీసే ఉంది. చెల్లెలు హాల్లో కుర్చీ అంచున కూర్చుని ఉంది. పడగ్గది తలుపుకి లోపలి గడియ లేదు. స్నానాల గదికీ లేదు. ఊడదీసిన చోట స్క్రూల బెజ్జాలు మిగిలాయి. ఏడుపూ కోపమూ కలిసి తన్నుకొచ్చి, ఇన్నాళ్ళూ నాకెందుకు చెప్పలేదే అని దాని మీదే విరుచుకుపడ్డాను.

"చెప్పాను కదక్కా. నువ్వే నమ్మలేదు."

దాని చెయ్యి పట్టుకుని లేవమన్నాను. కట్టుబట్టలతో వచ్చెయ్, మిగతాది నేను చూసుకుంటానన్నాను. అది లేవలేదు.

"ఇన్నేళ్ళు కుక్కిన పేనులా పడున్నదాన్ని. ఇప్పుడు ఆయన మంచివాడు కాదంటే అమ్మ నమ్ముతుందా?"

"నేను నమ్ముతున్నాను. లే."

అది నా ముఖంలోకి చాలాసేపు చూసింది. నా చెయ్యి గట్టిగా పట్టుకుని, ఎట్టకేలకు లేచి నిలబడింది. అప్పుడే గుమ్మంలో చెప్పులు విడిచిన చప్పుడైంది.

"మీరు ఇక్కడికే వస్తారనుకున్నాను వదినా," అంటూ మరిది లోపలికొచ్చి, వీధి తలుపు మూసి గడియ పెట్టాడు.