నాడా ముడి

మా యాడి వేసే ముడి ఊడదు. యాడి అంటే మా లంబాడీ భాషలో అమ్మ. పొద్దంతా వంగి నాట్లు వేసినా, నెత్తిన కట్టెల మోపుతో గుట్ట దిగినా, ఆమె నడుము దగ్గర లంగా నాడా వేలెడైనా జారదు. అదే ముడిని మా చెల్లెలు చాందీ లాగుకూ వేసి బడికి పంపింది. ఈ కథలో పొరపాటు అనదగ్గది అదొక్కటే. మిగిలినదంతా తెలిసి చేసిందే.

చాందీకి అప్పుడు ఐదేళ్లు. తండాలో ఆ వయసు పిల్లలు ఒంటి మీద గౌను ఉంటే చాలు, తిరుగుతారు. లాగు ఎట్లా విప్పుకోవాలో దానికెవరు నేర్పారు? కానీ బడి ఊళ్లో ఉంది. నెల్లికుదురు దగ్గరి ఆ ఊరివాళ్లు మమ్మల్ని చూసి నవ్వకూడదని యాడి సంతలో గుడ్డ కొని, చేత్తో లాగు కుట్టి, నాడా ఎక్కించి బిగించి కట్టింది. ఇలాస్టిక్ వేయిద్దామని నేను పోరు పెట్టాను.

"అది తెగుతది బిడ్డా. నలుగుట్ల లాగు జారితే ఇంకేమన్న ఉన్నదా?" అంది.

నేను అదే బడిలో ఏడో తరగతి. చాందీది ఒకటో తరగతి, వాళ్లకు పుష్పలత టీచర్. టీచర్‌ది మహబూబాబాద్‌లో కిరాణా హోల్‌సేల్ వ్యాపారం చేసే ఇల్లు. రోజూ బస్సులో వచ్చేది, మంచి చీరలు కట్టేది. చాందీకి తెలుగు రాదు, నిజమే. కానీ రెండు చేతులూ నాడా మీద పెట్టుకొని, కాళ్లు మెలిపెట్టి నిలబడ్డ పిల్లకు ఏం కావాలో తెలుసుకోవడానికి భాష ఎందుకు? టీచర్‌కు తెలుసు. తెలిసే ముట్టుకోలేదు. "మీ అక్క తానకు పో" అని బయటికి చూపించింది. మా తరగతి గుమ్మం చేరేసరికి పిల్ల మోకాళ్ల దాకా తడిసిపోయింది.

మా బడిలో ఒక పద్ధతి ఉండేది. ఊరి పిల్లలు ఖరాబు చేసుకుంటే వంట చేసే ఆమె కడిగేది. తండా పిల్లలు చేసుకుంటే మా తరగతికి పిలుపు వచ్చేది. "మీ తండా పిల్ల గలీజు చేసుకున్నది, కడుగుపోండి" అనేవాళ్లు. ఎవరి చెల్లెలైనా, ఎవరి తమ్ముడైనా, కడగడానికి లేచేది మేము, తండా ఆడపిల్లలం. లెక్కలు మధ్యలో వదిలేసి పోయినా సారు ఏమీ అనడు. అదే నీళ్లు తాగడానికి అడిగితే మాత్రం కూర్చోమనేవాడు. ఈ పద్ధతి ఎవరు పెట్టారో ఎవరికీ తెలియదు, ఎవరూ అడగలేదు.

రెండోసారి అయినప్పుడు టీచర్ నన్ను పిలిచి చెప్పింది.

"చూడు సుజాతా, ఇంకోసారైతే పేరు కొట్టేస్త. అన్నీ నేర్చుకున్నంక తోలుకరా. ఇది బడి."

వరికోతలు అయిపోగానే యాడీ, బాపూ పట్నంలో బిల్డింగ్ పనికి పోతారు. బడి ఉంది కాబట్టి నేను తండాలో ముసలవ్వ దగ్గర ఉంటాను. పేరు ఉంటే చాందీ కూడా నాతో ఉంటుంది. పేరు పోతే వాళ్లతో పోయి ఇసుక కుప్పల మీద పెరుగుతుంది. ఇసుక మీద పెరిగినవాళ్లు మళ్లీ బడికి రావడం మా తండాలో నేను చూడలేదు.

అందుకని గంట కొట్టిన ప్రతిసారీ ఒకటో తరగతికి ఉరికేదాన్ని. గోడ వెనక్కి తీసుకుపోయి ముడి విప్పడం, మళ్లీ కట్టడం. నా వేళ్లకు ఆ ముడి అలవాటైపోయింది. దసరా దాకా ఒక్కసారి కూడా తడవనివ్వలేదు.

అవి తెలంగాణ కోసం రోడ్లన్నీ నిండిన రోజులు. సెంటర్‌లో టెంటు వేశారు. పుష్పలత టీచర్ మైకు పట్టుకుంటే జనం కదిలేవారు కాదు. అబద్ధం ఎందుకు, నేనూ ఆమె మాటలకు కళ్లనీళ్లు పెట్టుకునేదాన్ని.

"మన మాటను చూసి నవ్విన్రు. మనల్ని దగ్గరికి రానియ్యలే, మనుషుల లెక్క చూడలే. మనం అడిగేది కొలువులొక్కటే కాదు, ఇజ్జత్ అడుగుతున్నం" అనేది.

అచ్చంగా మా తండా గురించే చెబుతుందనుకున్నాను. ఎంత పిచ్చిదాన్నో.

నా గొంతు బాగుందని మానవహారం రోజు పాట నాకే ఇచ్చింది. ట్రాక్టర్ ట్రాలీ మీద నన్ను నిలబెట్టి మైకు చేతికిచ్చారు. కింద రోడ్డు పొడుగునా బడిపిల్లలు చేయీ చేయీ పట్టుకొని నిలబడ్డారు. పేపరువాళ్లు ఫొటో తీస్తే ముద్దుగా ఉంటుందని ఒకటో తరగతిని అందరికంటే ముందు పెట్టారు. బడి నుంచి బయలుదేరే ముందే చాందీని గోడ వెనక్కి తీసుకుపోయి వచ్చాను. కానీ ముఖ్య అతిథిగా రావాల్సిన పెద్దమనిషి ఎంతకూ రాలేదు. ఎండ ఎక్కింది. పిల్లలకు మంచినీళ్ల ప్యాకెట్లు పంచారు, చాందీ రెండు తాగింది.

పెద్దమనిషి జీపు దిగాడు. నేను పాట ఎత్తుకున్నాను. రెండో చరణంలో ఉండగా, చాందీ చెయ్యి వరుస విడిచి నాడా మీదికి పోవడం కనిపించింది. టీచర్ ఆ చేతిని తీసి పక్క పిల్ల చేతిలో పెట్టింది. చాందీ మళ్లీ విడిచింది. టీచర్ మళ్లీ పెట్టి, కళ్లురిమింది.

పాట ఆపేసి, మైకు పక్కవాళ్ల చేతిలో పడేసి దుమికాను. ఎవరో కేకేశారు. జనాన్ని తోసుకుంటూ పోయేసరికి చాందీ చుట్టూ రోడ్డు తడిసింది. నీళ్లొక్కటే కాదు, అన్నీ అయిపోయాయి.

"గిప్పుడేనా? గింత మంది ముందర నా ఇజ్జత్ తీసినవు గదనే" అంది టీచర్, పళ్లు కొరుకుతూ.

రెండు వేళ్లతో దాని గౌను కొస పట్టుకొని వరుసలోంచి బయటికి లాగింది. అటు పిల్ల చెయ్యి ఇటు పిల్ల చేతిలో పెట్టింది. వరుస కలిసిపోయింది. ఫొటో తీశారు. మర్నాడు పేపర్లో చూశాను, ఎక్కడా సందు లేదు.

చాందీని బోరింగు దగ్గరికి ఎత్తుకుపోయాను. నాడా తడిసి బిగుసుకుపోయింది, వేళ్లకు లొంగలేదు. మోకాళ్ల మీద కూర్చొని పళ్లతో కొరికి విప్పాను. ఆ రుచి నాకింకా గుర్తుంది. నాకు చెల్లెలి మీద అసహ్యం వేయలేదు. ట్రాలీ మీద నేను పాడిన పాట మీద వేసింది.

అది ఏడుస్తూ మా భాషలో ఒకటే మాట చెప్పింది. "బాయీ, టీచర్ ఇడువద్దన్నది. మూడోపారి నేను చెయ్యి ఇడువలే."

బాయి అంటే అక్క.

వారం తిరగకముందే పేరు కొట్టేశారు. యాడి పోయి టీచర్ ముందర చేతులు జోడించి నిలబడింది. పిల్ల నేర్చుకున్నాక చూద్దామంది టీచర్. యాడి ఇంటికొచ్చి ఆ లాగును పొయ్యిలో పెట్టింది. కోతలు కాగానే చాందీని పట్నం తీసుకుపోయారు. అక్కడ తల్లులు ఇటుకలు మోస్తుంటే, వాళ్ల పసిపిల్లలను కాపలా కాసే పని దానికి దొరికింది. ఎత్తుకోవడం, ఊపడం, కడగడం.

తెలంగాణ వచ్చింది. ఆ జూన్ పొద్దున బడిలో జెండా ఎగరేశారు. నేను అప్పటికి పదో తరగతి పూర్తి చేశాను. వానాకాలం పనులకని ఇంటికొచ్చిన చాందీ నా వెంట వచ్చింది. తొమ్మిదేళ్లది, తెలుగు గడగడా మాట్లాడుతోంది. గులాబీ చీరలో పుష్పలత టీచర్ లడ్డూలు పంచుతోంది. మమ్మల్ని చూసి నవ్వుతూ దగ్గరికొచ్చింది.

"ఇది గా చాందీనేనా? ఎంత పెద్దగైంది. బడి తెరువంగనే తోలుకరా సుజాతా. మన రాష్ట్రం మనకొచ్చింది. ఇంక మన పిల్లలందరు చదువాలె."

నిజం చెబుతున్నాను, నా గుండె కరిగింది. యాడికి ఎట్లా చెప్పాలో, పుస్తకాలు ఎవరినడగాలో అప్పుడే ఆలోచిస్తున్నాను.

"ఒకటో తరగతిల కూసుంటది. మాకు ఆయమ్మ లేదు గద. తండా పిల్లలు ఖరాబు చేసుకుంటే జర చూసుకుంటది, వాళ్ల మాట గూడ దీనికొస్తది" అంది టీచర్, చాందీ చేతిలో లడ్డూ పెడుతూ.

నాకు నోటిదాకా వచ్చింది. నేను అనేలోపే చాందీ లడ్డూను మళ్లీ పళ్లెంలో పెట్టేసింది.

"గా పని పట్నంల చేస్తున్న టీచర్," అంది. "ఆడ పైసలిస్తరు."