గోడ దాటిన బొమ్మ

లఖ్దర్ ఇంట్లో డిష్ తీగ ఆడవాళ్ళ గదిలోకే వస్తుంది. వీధివైపు మగవాళ్ళ గదికి దాన్ని లాగాలంటే రెండు గోడలకు కన్నాలు పెట్టాలి. అవి తాత కట్టిన గోడలు. అందుకని వాది అనే పట్నం నుంచి రెండు తెల్ల పెట్టెలు తెచ్చాడు. ఒకటి లోపల డిష్ పెట్టెకు తగిలించాడు, రెండోది బయటి గదిలో టీవీకి. మధ్యలో తీగంటూ లేదు. అయినా ఆటగాడి నుదుటి చెమటబొట్టు కూడా కనబడేది.

ఆ రోజు కూతురు జులేఖా పెళ్ళి నిశ్చయం. సాయంకాలపు అసర్ నమాజు అయ్యాక ఇమాము వచ్చి ఫాతిహా చదివితే మాట ఖాయమైనట్టే. అందాకా మగపెళ్ళివారు ఎనిమిదిమంది మ్యాచ్ చూస్తూ టీ తాగుతున్నారు.

కాబోయే వియ్యంకుడు హాజ్ తుహామీ. పెద్దకొడుక్కి కుదిరిన సంబంధాన్ని కిందటేడు ఆయనే తెంచేశాడు, పిల్ల ఫోటో ఎవరి ఫోన్లోనో కనబడిందని. అది తెలిసే లఖ్దర్, తన భార్య మబ్రూకా చేత ఆడవాళ్ళ గుమ్మంలో కుస్‌కుస్ రవ్వ ఉడికించే బుట్ట పెట్టించాడు. వచ్చినవాళ్ళ ఫోన్లన్నీ అందులో వేయించి పైన గుడ్డ కట్టించాడు. కెమెరా ఒక్క వర్దియా చేతిలోనే, పెళ్ళిళ్ళకు వీడియో తీసే మనిషి. తీసిందంతా మబ్రూకాకు అప్పగించి పోతుందామె.

ఇంత ఆలోచించినవాడికి ఆ తెల్ల పెట్టె మాత్రం తట్టలేదు.

రెండో విడత టీ పోస్తుండగా తెర నల్లబడింది. లఖ్దర్ లేచాడు. అంతలోనే బొమ్మ వచ్చింది.

ఆట కాదు. జుట్టు విరబోసుకుని, నడుముకు ఎర్రగుడ్డ బిగించి, ఒకామె ఊగిపోతూ ఆడుతోంది. ఎవరి ఇల్లో అనుకున్నాడు. మణికట్టు మీద రొట్టెల పొయ్యి కాల్చిన మచ్చ కనబడింది. మబ్రూకా. మోకాళ్ళ నొప్పులని రెండేళ్ళుగా మేడమెట్లు ఎక్కని మబ్రూకా.

లోపల వర్దియా, అమ్మలక్కలకు వాళ్ళ ఆట వాళ్ళకే చూపిద్దామని, డిష్ తీగ పీకి ఆ చోట కెమెరా తీగ గుచ్చింది. తెల్ల పెట్టె తన పని తాను చేసింది.

లఖ్దర్ భుజం మీది పొడవాటి బుర్నూసు అంగీ లాగి, రెండు చేతులా చాచి, తెరకు వీపు పెట్టి నిలబడ్డాడు. నిలబడబోయే ముందు ఒక్క క్షణం, తలమీద డప్పు పెట్టుకుని ఇంకో పెద్దామె ఆటలోకి దిగడం చూశాడు. ఆమె ఎవరో అతనికి తెలియదు. తుహామీ ముఖం చూశాక తెలిసింది.

తుహామీ చేతిలో గ్లాసు ఒరిగిపోయి టీ ఒళ్ళోకి కారుతోంది. ఆయనకు తెలియడం లేదు. ఆడవాళ్ళు సంబరంగా వేసే ఊళలు గోడలోంచీ, లఖ్దర్ వీపు వెనకనుంచీ, రెండు వైపులా వినిపిస్తున్నాయి.

తుహామీ తమ్ముడు ప్లగ్గు పీకుతానని లేవబోయాడు.

"కూర్చో. అందరూ గోడవైపు తిరగండి," అన్నాడు తుహామీ.

తిరిగారు. సంబంధం ఇక తెగిందనే మాటే మిగిలింది, అది వినడానికే లఖ్దర్ నిలబడ్డాడు.

"లఖ్దర్, ఆట ఎంత మీద ఆగింది?"

"ఒకటి, సున్నా, హాజ్."

"మేం చూసింది అంతే. ఇమాముగార్ని పిలిపించు."

ఇమాము వచ్చి అందర్నీ ఇటు తిరిగి కూర్చోమన్నాడు. పెళ్ళికూతురి తండ్రి అలా రెక్కలు చాచిన కొంగపిట్టలా నిలబడ్డాడేమని అడిగాడు. నడుం పట్టేసిందని తుహామీయే జవాబు చెప్పాడు. అందరూ అరచేతులు చాచి నేలచూపులు చూస్తుండగా ఫాతిహా చదివారు. లఖ్దర్ చేతులు ఎలాగూ చాచే ఉన్నాయి. ఆమీన్ అనేసరికి వెనక మళ్ళీ మ్యాచ్ వచ్చింది. బుర్నూసు దించవచ్చని అతనికి చాలాసేపు నమ్మకం కుదరలేదు.

సాగనంపేటప్పుడు గుమ్మం దగ్గర తుహామీ చెప్పులు తొడుక్కుంటూ ఆగాడు.

"మీ ఇంట్లోవాళ్ళకి మోకాళ్ళు బాగుండవని విన్నాను."

"అవును, హాజ్."

"మా ఇంట్లోవాళ్ళకి నడుం. ఆరేళ్ళుగా బావి నీళ్ళు నేనే తోడుతున్నా."

రెండు అడుగులు వేసి వెనక్కి తిరిగాడు.

"ఆ పెట్టెలు ఎవరికైనా ఇచ్చెయ్యి. మా ఇంటికి మాత్రం పంపకు."