తోమిన నాణేలు

నాణెం ముఖానికి వేలు తగలకుండా అంచు పట్టుకుని కిటికీ వెలుగులోకి వాల్చింది వదిన. భూతద్దం కింద రాజుగారి చెవి కనిపించింది గానీ, చెవి మీద ఉండాల్సిన జుట్టు పాయలు లేవు. "అరిగింది కాదు, అచ్చే సరిగా పడలేదు," అని గొణిగి పక్కన పెట్టింది. చల్లారిపోయిన టీ మీద కోపం. కిటికీకి అడ్డంగా బండి ఆపినవాడి మీద కోపం. ఆమె ఎదురుగా కూర్చునుంటే, "సార్ లేరా?" అని గుమ్మంలోంచే అడిగేవాళ్ల మీద మరీ కోపం.

ఆ వీధిలో అందరికీ ఆమె చిటపటల వదిన. నాణేల దుకాణం పెట్టింది ఆమె భర్త. అరుగుదలకీ అచ్చు లోపానికీ తేడా ఆయనకు పోయేదాకా తెలియలేదు. ఆయన ముచ్చటపడి కొనుక్కొచ్చిన ప్రతి నాణేన్నీ అటూ ఇటూ తిప్పి చూసి తిట్టేది. తిట్టీ తిట్టీ ఆమె చూపు పదునెక్కింది. ఆయన తర్వాత పెద్ద కుర్చీలోకి మరిది వచ్చాడు. ఆమె గొంతు తగ్గించి చెప్పిన మాటనే అతను గొంతు సవరించుకుని, ఆమె ఎదుటే, తన మాటగా కొనేవాళ్లకు చెప్పేవాడు. ఆమె పళ్లు నూరేది, నానా మాటలూ అనేది, మర్నాడు మళ్లీ వచ్చి కూర్చునేది.

మధ్యాహ్నం చేతులు కడుక్కుందామని వెనక గదిలోకి వెళ్లింది. తడి తువ్వాలు మీద రాగి నాణేలు తళతళలాడుతూ పరిచి ఉన్నాయి. మరిది పాత పళ్ల బ్రష్షు వంటసోడాలో ముంచి ఇంకోదాన్ని తోముతున్నాడు.

"ఎవరివవి?"

"నిన్న కుట్టుపనావిడ ఇచ్చెళ్లిందే, వాళ్ల నాన్నవి. మురికోడుతున్నాయి వదినా. తోమి ఇస్తే సంతోషిస్తుందని..."

"చూసి చెప్పమని ఇచ్చిందయ్యా, తోమమని కాదు! అంట్లనుకున్నావా? నీ చేతులు పడిపోను!"

ముందు గదిలో బీరువా అద్దాలు అదిరాయి. అంతలోనే తలుపు గంట మోగింది. కుట్టుపనావిడే. మరిది తువ్వాలుతో సహా నాణేలు తెచ్చి ఆవిడ ముందు పెట్టాడు.

"అబ్బ, కొత్తవాటిలా ఉన్నాయే!" ఆవిడ మొహం విప్పారింది.

నోరెత్తొద్దన్నట్టు మరిది వదిన వైపు కళ్లురిమాడు. ఆ సంతోషాన్ని చెడగొట్టే పని కూడా తన నెత్తినే పడ్డందుకు వదినకు ఒళ్లు మండిపోయింది.

"పాడైపోయాయమ్మా," అంది. "ఆ నలుపు మురికి కాదు, రాగికి ఏళ్ల తరబడి పట్టిన రంగు. దాంతోపాటు పైపొరా పోయింది. ఇవిగో, గీతలు. నిన్న వీటిలో మంచి ధర పలికేవి చాలా ఉన్నాయి. ఇవాళ ఒక్కటీ లేదు."

ఆవిడ ఒక్కో నాణేన్నీ ఎత్తి చూసుకుంది. "మా నాన్న వీటిని నన్ను ముట్టుకోనిచ్చేవాడు కాదు," అంది మెల్లగా. "చాదస్తం అనుకునేదాన్ని."

అన్నీ డబ్బాలో వేసుకుని, సగం తోమి ఆపేసినదాన్ని మాత్రం మరిది ముందుకు తోసింది. "ఇది మీరే ఉంచుకోండి. ఇంకొకరివి తోమేముందు ఓసారి చూసుకోండి."

ఆవిడ వెళ్లగానే మరిది విసుక్కున్నాడు. "ఎవరడిగారు వదినా నిన్ను? ముచ్చటపడుతూ పోయేది కదా!"

తిట్లకు సిద్ధపడి భుజాలు ముడుచుకున్నాడు. తిట్లు రాలేదు. ఆమె బల్లదీపం ఆర్పింది. ఎన్నడూ ఇంటికి తీసుకెళ్లని భూతద్దాన్ని కొంగుతో తుడిచి చేతిసంచీలో వేసుకుంది. చెప్పులు తొడుక్కుంది.

"రేపు పెందలాడే రా. వెండి నాణేలు కొన్ని వచ్చాయి, చూడాలి," అన్నాడు.

"నువ్వే చూసుకో."

వెళ్తూ తలుపు చప్పుడు కాకుండా వేసింది. విసిరికొట్టి ఉంటే ఆ రాత్రి అతనికి నిద్రపట్టేది.

బల్ల మీద ఆ నాణెం అలాగే ఉంది. రాజుగారి ఒక చెంప తళతళా మెరుస్తోంది, మెడ దగ్గర్నుంచి కిందంతా పాత నలుపు, అంచు చుట్టూ ఆరిపోయిన సోడా తెల్లగా.