పన్నెండు సీసాల నీళ్లు

బోరింగు కొడితే ముందు నురగ వస్తుంది.

తర్వాత పసుప్పచ్చని నీళ్లు. ఆ తర్వాత వాసన... తడిసిన మందుబిళ్ల వాసన.

చౌటుప్పల్ అవతల, మందుల కంపెనీ గోడ వెనక వాడలో, ఆ వాసనలోనే రూప పెరిగింది. ఇప్పుడు జర్మనీలో అదే ఆమె పరిశోధన. ఏ విషం ఏ నీళ్లలోంచి ఏ ఒంట్లోకి పోతుందో తేల్చే చదువు.

ప్రయోగశాలలో ఏ వాసనా ఉండదు.

తెరమీద పన్నెండు గీతలు, ఊరి నుంచి వచ్చిన సీసాకొకటి. పన్నెండూ చదునుగానే ఉన్నాయి.

విషం లేదు. ఒక్క సీసాలోనూ లేదు!

రూప కళ్లు నులుముకుంది. మిషన్ను తిట్టుకుంది. మళ్లీ పెట్టింది. మళ్లీ అదే.

లేకపోవడమేమిటి? ఆ నీళ్లు తాగే కదా మేనత్త బిక్షమ్మ కిడ్నీలు పోయింది! వారానికి రెండుసార్లు నల్లగొండ దవాఖానలో నెత్తురు కడిగించుకుంటోంది. కంపెనీ ఇంకో బ్లాకు కడతానంటోంది. వచ్చే శనివారమే ప్రజాభిప్రాయ సేకరణ. వద్దనడానికి వాడ చేతిలో ఉన్నది ఈ పన్నెండు సీసాలే.

ఎండాకాలం ఊరికి పోయినప్పుడు సీసాలు అత్తకు ఇచ్చి వచ్చింది. తొలకరి పడగానే కంపెనీ మురుగు వదులుతుంది — అప్పుడు రోజుకొక సీసా పట్టాలి. ఎన్ని జాగ్రత్తలు చెప్పిందని! చేతులు సబ్బుతో కడుక్కో. మూత లోపల ముట్టకు. ఎండ తగలనీయకు. ఐసు డబ్బాలో పెట్టి కొరియర్ చెయ్యి...

ఎందుకో మాత్రం చెప్పలేదు. అత్తకు తెలియదా అనుకుంది.

ఫోన్ చేసింది.

"అత్తా, సీసాలల్ల నీళ్లు ఏడియి?"

"ఫిల్టర్ నీళ్లు బిడ్డా. క్యాన్ కొన్న." బిక్షమ్మ గొంతులో గర్వం. "మొదటి దినం బోరింగుయే పట్టిన. పచ్చగ కనవడ్డయి. థూ, గియ్యా పంపేది అని పారబోసిన. చేతులు కడుక్కో, మూత ముట్టకు అంటివి... మీ సార్లు తాగి చూస్తరేమో అనుకున్న. మనకైతే బోరింగు నీళ్లే సరి. ఇంటికొచ్చినోళ్లకు గవి పోస్తమా? మన ఇజ్జత్ పోదా!"

చుట్టమొస్తే క్యాన్ కొనే వాడ అది. రూపకు తెలియని సంగతా!

నవ్వబోయింది. ఏడుపొచ్చింది. కోపమూ వచ్చింది — అత్త మీద కాదు, నోరుండీ చెప్పని తన మీద.

"గా పాడు నీళ్లే కావాలె అత్తా. మనకు సాక్ష్యం గవే. మళ్ల పట్టు. ఇయ్యాలనే."



"బోరింగు ఏడున్నది బిడ్డా... మొన్ననే కంపెనోళ్లు పీకి కాంక్రీటు పోసిండ్రు. నీళ్ల ట్యాంకరు పెట్టిండ్రు. దండం బెట్టినం గద వాళ్లకు!"

దండం పెట్టారు.

కిటికీ అవతల వాన పడుతోంది. ఏ వాసనా లేని వాన.

"ఊకో బిడ్డా, ఫికర్ జెయ్యకు." అత్తే ఓదారుస్తోంది. "బోరింగు పోతే పోయింది. ఇరవై ఏండ్లు తాగింది నా ఒంట్లనే ఉన్నది గద. రేపు దవాఖానల ఎట్లనన్న నెత్తురు తీస్తరు. జరంత సీసాల పట్టియ్యమంటా?"

ఔనని ఏ నోటితో అనాలి? కాదంటే శనివారం ఏం చూపాలి?

"ఈసారి పారబొయ్య బిడ్డా. ఎట్లుంటె అట్లనే పంపుత."

రూప పన్నెండో సీసా మూత తీసింది. ముక్కు దగ్గర పెట్టుకుంది.

తేట నీళ్లు. నురగ లేదు.

వాసన లేదు...