నలభై నొక్కులు

ఆ ఉదయం ఆకాశం పల్చగా మబ్బు పట్టింది. గాలి మాత్రం ఆకు కదలనంతగా నిలిచిపోయింది. ముమ్మిడివరం దగ్గర దాళ్వా వరిచేలో యూరియా చల్లి రెండో రోజు. దాన్నించి పుట్టే అమ్మోనియా ఘాటు నీళ్ళలోంచి గాలిలోకి ఎంత లేచిపోతోందో కొలవడానికి పరిశోధన కేంద్రం నుంచి ఆనందరావు సారు వచ్చారు.

గాజుపెట్టెను నీటిమీద బోర్లించి, అంచు మునిగేలా బురదలో గుచ్చుతారు. లోపలి గాలిని రబ్బరు బుడ్డితో నొక్కి నొక్కి సీసాలోని ఎర్రమందులోంచి లాగితే, ఘాటు తగిలి మందు ఆకుపచ్చగా మారుతుంది. ఎన్ని నొక్కులకు పచ్చబడిందో అదే లెక్క. ఇలాంటి చేలో నలభైకి అటూఇటూగా మారాలి.

మొదట సీసా చూసే పని కూలికొచ్చిన లాజరుదే. ఎరుపూ పచ్చా తన కళ్ళకు ఒకటేనన్న సంగతి నలభయ్యేళ్ళకు అక్కడ బయటపడింది. దాంతో బుడ్డి అతని చేతికి, గొడుగు నీడలో పీట అతని భార్య సలోమికి వచ్చాయి. మందు గీత వరకు కొలిచి పొయ్యడమూ ఆమె పనే. సారు ఆమెను మెచ్చుకున్నప్పుడల్లా లాజరు బుడ్డిని గట్టిగా నొక్కేవాడు. నాట్లేసుకునే మనిషికి గొడుగు నీడేమిటి?

గట్టుమీద పోతున్న పక్కింటి దానం ఊరుకోలేదు. "ఏం లాజరన్నా, ఆవిడ ఆఫీసరమ్మా, నువ్వు గాలికొట్టేవోడివీనా?"

"ఆయ్, అంతే మరి," అన్నాడు లాజరు.

సలోమి మందు కొలుస్తుండగా లాజరు పెట్టె గుచ్చుతూ, ఒక అంచు నీటిపైకి లేచి బయటిగాలి కలిసేలా, దాని కింద కొబ్బరి పీచు డొక్కముక్క దూర్చాడు.

నలభై నొక్కులయ్యాయి. అరవై. ఎనభై.

"మారలేదండి," అంది సలోమి.

సారు వచ్చి సీసా చూశారు. "మందెక్కువ పోసేవు. కొలత కుదరకపోతే చెప్పెయ్యమ్మా, రేపట్నించి ఇంకెవర్నన్నా చూసుకుంటాను."

"గీత దాటలేదండి."

లాజరు కోరుకున్నది సారు అన్న ఆ మాటే. అయినా సలోమికేసి చూడలేక బుడ్డి తుడవసాగాడు.

సలోమి చీర కుచ్చెళ్ళు ఎగదోపుకుని చేలోకి దిగింది. పెట్టె అంచు చుట్టూ వేళ్ళతో తడిమింది. ఒకచోట చెయ్యి ఆగింది. లేచినప్పుడు పిడికిలి మూసి ఉంది.

"అంచు సరిగ్గా దిగలేదండి. ఈసారి నేను గుచ్చుతాను."

కొత్త మందుతో మళ్ళీ మొదలుపెట్టారు. నలభై రెండో నొక్కుకి, "ఆగండి," అంది. సారు చూసి, తలూపి రాసుకున్నారు. "రేపు పెందరాళే రా అమ్మా."

లాజరు కూడా సీసాకేసి చూశాడు. అతనికి ఇందాకటిలాగే ఉంది.

మధ్యాహ్నం గట్టుమీద ఇద్దరూ కేరేజీ విప్పారు. సలోమి అన్నం పెట్టి, బురద ఆరని డొక్కముక్కను ఇద్దరి మధ్యా ఉంచింది. లాజరు ముద్ద కలిపి అలాగే పట్టుకున్నాడు. ఆమె తినడం మొదలుపెట్టాక అతనూ తిన్నాడు.