ఇబ్బంది పెట్టని మనిషి

మా వృద్ధాశ్రమంలో శనివారం సౌనా వేడి చేస్తారు. మధ్యాహ్నం భోజనాలయ్యేసరికే నడవా అంతా తారు సబ్బు వాసన. మూడింటికి ఆడవాళ్ళు ఆ ఆవిరిగదిలోకి వెళతారు, నాలుగున్నరకు మగవాళ్ళు. మగవాళ్ళంటే నేనూ, తాయిస్తో. మిగిలినవాళ్ళు షవరుతో సరిపెట్టుకుంటారు.

తాయిస్తో నలభై ఏళ్ళు సరస్సు మీద దుంగలను తేల్చుకుంటూ కోత మిల్లుకు చేర్చినవాడు. పుట్టింది కూడా సౌనాలోనే. ఆ రోజుల్లో మా పల్లెల్లో పురుళ్ళు అక్కడే పోసేవారు. నేను అదే ఊరి బడిలో భూగోళం చెప్పాను. మా ఆవిడ కెర్తు పోయిన మరుసటి ఏడాది ఇక్కడికి వచ్చాను. నా పక్క గది తాయిస్తోది.

మార్చిలో ఒక శనివారం అతను సౌనాలో పై బల్ల మీంచి దిగుతూ కళ్ళు తిరిగి పడబోయాడు. నర్సు మర్యుత్ తలుపు దగ్గరే ఉండి ఒడిసి పట్టుకుంది కాబట్టి తల ఆవిరి పుట్టించే పొయ్యి మీది కాలే రాళ్ళకు తగల్లేదు. కారణం తెలిసేదాకా సౌనా వద్దని డాక్టరమ్మ రాసింది. అది సబబే. కానీ తర్వాతి శనివారం నేను తువ్వాలు భుజాన వేసుకుని బయల్దేరితే, తాయిస్తో కుర్చీని గోడవైపు తిప్పుకుని కూర్చున్నాడు. ఆ తర్వాతి వారమూ అంతే. రొట్టె సగంలో వదిలేయడం మొదలుపెట్టాడు. అతనికి వారంలో మిగిలింది ఆ ఒక్క గంటే. అది కూడా పోతే మనిషి ఎక్కువ కాలం ఉండడనిపించింది నాకు.

కారణం మాత్రం దొరకలేదు. గుండె చూశారు, రక్తపోటు మాత్ర తగ్గించారు. మర్యుత్ రోజూ అడిగేది. కళ్ళు తిరుగుతున్నాయా అంటే ఏం లేదనేవాడు. మా వైపు మగవాడు కాలు విరిగినా ఏం లేదనే అంటాడు. ప్రాణం పోతున్నప్పుడు కొంచెం ఉందంటాడు. మర్యుత్ కూడా మా జిల్లా పిల్లే, ఆ సంగతి తెలుసు. అందుకే అతని మాట నమ్మకుండా, నీళ్ళు చాలక కళ్ళు తిరుగుతున్నాయేమోనని రోజూ తాగే గ్లాసుల లెక్క రాయించింది. రోజూ ఆరు నిండు గ్లాసులు గదిలోకి వెళ్ళేవి, ఆరు ఖాళీ గ్లాసులు వచ్చేవి. కాగితం ప్రకారం తాయిస్తో చక్కగా నీళ్ళు తాగుతున్నాడు.

ఒక మంగళవారం చదివేసిన పేపరు ఇద్దామని అతని గదికి వెళ్ళాను. వాష్ బేసిన్ దగ్గర నిలబడి గ్లాసు ఒంపేస్తున్నాడు. నన్ను చూసి కూడా ఆపలేదు, చివరి చుక్కదాకా ఒంపాడు.

ఎందుకని అడిగితే చెప్పాడు. మోకాళ్ళ మూలంగా బాత్రూములో కూర్చుంటే తనంతట తాను లేవలేడు. బెల్లు కొట్టాలి, ఎవరో ఒక అమ్మాయి రావాలి. తాగినకొద్దీ పిలవాలి.

"వాళ్ళకి ఉన్న పరుగులు చాలవా, నాతో ఇంకోటా?" అన్నాడు. "నువ్వేం చూళ్ళేదు మాస్టారూ."

కెర్తు చివరి రెండేళ్ళు నన్ను కష్టపెట్టకూడదని నొప్పి దాచుకుంది. నమ్మడం సులువు గనక నేను నమ్మాను. ఇంకోసారి చూడనట్టు ఉండడం నా వల్ల కాదు. అలాగని స్నేహితుడి వెనక చాడీ చెప్పడం మా దగ్గర చాలా పెద్ద తప్పు. అందుకని అతనికే చెప్పాను, శుక్రవారం కాఫీ దాకా గడువు, నువ్వే చెప్పు, లేదంటే నీ ఎదురుగానే నేను చెబుతానని. పంతుళ్ళ బుద్ధి పోనిచ్చుకున్నావు కాదని గొణిగాడు. మూడు రోజులు నాతో మాట్లాడలేదు. మామూలుగా కూడా మేం పెద్దగా మాట్లాడుకోం కాబట్టి ఇంకెవరికీ తేడా తెలియలేదు.

శుక్రవారం మర్యుత్ ఏలకుల బన్ను తెచ్చి అతని ముందు పెట్టింది. అతను ఆ బన్ను వైపే చూస్తూ, "ఆ నీళ్ళు నేను తాగట్లేదమ్మాయ్, పారబోస్తున్నా," అన్నాడు.

ఆమె కోప్పడలేదు. కుర్చీ లాక్కుని కూర్చుని మొత్తం విన్నది.

"నాకు ఇబ్బందని?"

"మరి."

"ఆ రోజు మీరొచ్చి నా మీద పడ్డారు. ఎనభై ఎనిమిది కిలోలు. వారం రోజులు నడుం పట్టేసింది. బెల్లు కొడితే నేను నడిచి రావాలి, అంతేగా. ఏది ఎక్కువ ఇబ్బందో మీరే చెప్పండి."

తాయిస్తో ఆలోచించాడు. దుంగలతో బతికినవాడు, బరువుల సంగతి అతనికి ఇంకొకరు చెప్పక్కర్లేదు. "అదీ నిజమే," అన్నాడు.

"పోనీ బెల్లు కొట్టకండి. పదింటికి, ఒంటిగంటకి, నాలుగింటికి మేమే వస్తాం. మీరు పిలిచినట్టు కాదు, మా పని మేం చేసుకున్నట్టు."

ఆ సాయంత్రం ఆమె పొరపాట్ల పుస్తకంలో తన పేరు మీదే రాసుకుందట, గ్లాసులు చూశాం గానీ మనిషిని చూడలేదని. ఆ తర్వాత నీళ్ళు తెచ్చిన అమ్మాయి గ్లాసు పెట్టేసి పోవడం మానేసింది. తానూ ఒక కప్పు తెచ్చుకుని అతను తాగేదాకా పక్కన కూర్చునేది. ఎవరి వంతు వచ్చినా అంతే. ఊపిరి తిప్పుకోవడానికే తీరని ఆ పిల్లలు ఈ రెండు నిమిషాలు ఎక్కణ్ణుంచి తెచ్చారో నాకు ఇప్పటికీ తెలియదు.

మూడు వారాలు కళ్ళు తిరగలేదు. డాక్టరమ్మ ఒప్పుకుంది. వేడి తక్కువుండే కింది బల్ల మీద పది నిమిషాలు, తలుపు అవతల మర్యుత్. కింది బల్ల పిల్లలు కూర్చునేదని తాయిస్తో సణిగాడు, అయినా కూర్చున్నాడు. నేను పైకి ఎక్కబోయి ఆగి అతని పక్కనే కూర్చున్నాను. అతను కాస్త జరిగి చోటిచ్చాడు.

రాళ్ళ మీద అరగరిటె నీళ్ళు పోశాను. ఆవిరి మెల్లగా వచ్చి భుజాల మీద వాలింది. అతను కళ్ళు మూసుకుని ఊపిరి పొడుగ్గా వదిలాడు.

"ఇంకో గరిటె పోయొచ్చేమో అడుగు మాస్టారూ."

కావలసింది నీకు, నువ్వే అడుగు అన్నాను.

గొంతు సవరించుకున్నాడు. తర్వాత తలుపు వైపు తిరిగి అడిగాడు.

"అరగరిటె," అని వినబడింది అవతలినుంచి. "నిదానంగా."

నిదానంగానే పోశాను.