నీలం బండి వెనక సీటు

పార్కులో రోలర్ కోస్టర్ పందెం బండ్ల దగ్గర పనిచేసేవాళ్ళకు తెలిసిన సంగతొకటి టిక్కెట్టు కొన్నవాళ్ళకు తెలియదు. ఎటు బరువెక్కువుంటే ఆ బండే గెలుస్తుంది. ఎర్ర బండి, నీలం బండి పక్కపక్క పట్టాల మీద ఒకేసారి బయల్దేరి, ఒకే ఎత్తు ఎక్కి, ఒకేసారి కిందికి దూకుతాయి. ఎక్కినవాళ్ళు తామే తోసి పరిగెత్తిస్తున్నట్టు గొంతులు చించుకుంటారు. అరుపులకు ఇనుము కదులుతుందా, పిచ్చిగానీ!

అయితే ఏడాదిగా ఆ లెక్క తప్పింది. ఎర్ర బండి నిండా బొజ్జలవాళ్ళు కూర్చున్నా సరే, నీలం బండే గెలుస్తోంది. సూపర్‌వైజర్ చక్రాలు మార్పించాడు, గ్రీజు మార్పించాడు, చివరికి ఇక నా వల్ల కాదని చేతులు దులుపుకున్నాడు.

ఎర్ర బండి వైపు ప్లాట్‌ఫారం పిచ్చుకది, నీలం వైపు ఆమె వదినది. ఎక్కినవాళ్ళ ఒళ్ళోకి ఇనుప బారు దించి, గట్టిగా నొక్కి చూసి, బొటనవేలు పైకెత్తడం వాళ్ళ పని. ఇద్దరి వేళ్ళూ లేస్తేనే సూపర్‌వైజర్ బటన్ నొక్కుతాడు. పిచ్చుక అన్నది అన్నయ్య పెట్టిన పేరు. అమ్మా నాన్నా లేని పిల్లను చంకనేసుకుని పెంచినవాడు, నోట్లో నువ్వుగింజ నానని దాన్ని అంతకన్నా ఏమని పిలుస్తాడు? అన్నయ్య నీలం బండికి మెకానిక్కు, భారీ మనిషి. పోయినేడు జ్వరం తగిలి, వారం తిరక్కుండానే పోయాడు. అప్పటినుంచి ఆ రెండు గదుల ఇంట్లో వదినా మరదళ్ళు ఇద్దరే.

ఇప్పుడు అందులో ఒకరు వెళ్ళిపోయే రోజొచ్చింది. బేకరీ ఆయన, భార్య పోయినవాడు, వదినను పెళ్ళి చేసుకుంటానని అడిగాడు. మంచివాడు కావడమే పిచ్చుక కడుపుమంట, వంకపెట్టడానికి ఏమీ దొరకలేదు. సాయంత్రానికి జవాబు చెప్పాలి.

"నువ్వు ఊఁ అంటేనే" అంది వదిన.

"నీ ఇష్టం" అంది పిచ్చుక. మనవాళ్ళు మూతి ముడుచుకుని "నీ ఇష్టం" అంటే అది ఎవరి ఇష్టమో వేరే చెప్పాలా?

మబ్బు పట్టిన రోజు కావడంతో జనం పలచగా ఉన్నారు. గేట్లు తెరిచేముందు వదిన పట్టాల మీది వంతెన దాటి ఇటు వచ్చింది. "ఇవాళ నా వైపు నువ్వు నిలబడు."

"ఎందుకట?"

"నిలబడు, నీకే తెలుస్తుంది. వెనక వరస చివరి సీట్లో మాత్రం ఎవరినీ కూర్చోనివ్వకు. బారు దించు, అంతే."

ఖాళీ సీటు బారైనా దించాల్సిందే, అది అక్కడి నియమం. మనిషి లేకపోతే బారు టకటకమంటూ అడుగుదాకా దిగి సీటుకు ఆనుకుంటుంది. పిచ్చుక ముందు వరసలన్నీ నొక్కుకుంటూ వచ్చి, చివరి సీటు దగ్గర అలవాటుగా బారు దించింది. అది సగంలోనే ఆగింది.

ఇరుక్కుందేమోననుకుని మళ్ళీ నొక్కింది. దిగలేదు. వంగి చూస్తే అడ్డం ఏమీ లేదు. సీటు మెత్త మాత్రం మనిషి కూర్చున్నట్టు నొక్కుకుపోయి ఉంది. ఈసారి ఒంటి బరువంతా వేసి నొక్కింది. బారు కింది నుంచి ఎవరో మోకాలితో ఎత్తినట్టు ఆమె చేతిని మెల్లగా పైకి తోసింది.

పిచ్చుక చెయ్యి వెనక్కి లాక్కుంది. ఆ మోకాలు ఆమెకు తెలుసు. పనిలో చేరిన కొత్తలో అన్నయ్య ఇదే సీట్లో కూర్చుని ఆమెకు బారు నొక్కడం నేర్పాడు. నొక్కినప్పుడల్లా మోకాలెత్తి, "ఏమే, తిండి తినట్లేదా?" అని ఏడిపించేవాడు.

ఎలా ఎత్తిందో ఏమో, బొటనవేలు ఎత్తింది. బండ్లు వెళ్ళాయి. నీలమే గెలిచింది. ఎక్కినవాళ్ళు దిగిపోయాక, అటువైపు నుంచి వదిన అడిగింది, "చూశావా?"

"ఎన్నాళ్ళనుంచి?"

"మీ అన్నయ్య పోయాక నెల తిరక్కముందు నుంచే."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే ఇల్లూ వాకిలీ మానేసి ఆ పక్క సీట్లోనే కాపురం పెట్టేదానివి."

"నీకోసం వచ్చాడు వదినా."

వదిన తల అడ్డంగా ఊపింది. "నాకోసమైతే నేను చెప్పినరోజే దిగేవాడు. రోజూ చెప్తూనే ఉన్నా, వింటేగా! నువ్వు ఒక్కదానివైపోతావని ఆయన బెంగ. ఆయన్ని ఇక్కడ కూర్చోబెట్టి నేను ఇంకో ఇంటికి ఎలా పోను?"

భయం తగ్గేకొద్దీ పిచ్చుక లోపల ఒక పాడు సంతోషం మొదలైంది. తను నోరు మూసుకుంటే చాలు. అన్నయ్యా ఉంటాడు, వదినా ఉంటుంది. ఎవరూ ఎక్కడికీ పోరు. మధ్యాహ్నం దాకా అలాగే బండి మీద బండి పంపింది. వెళ్ళేముందు ప్రతిసారీ చివరి బారు నొక్కడం, కింది నుంచి మోకాలు తోయడం, ఆమె పెదవి బిగించి నవ్వాపుకోవడం. వదిన అటునుంచి చూస్తూనే ఉంది.

పంపేటప్పుడే తప్ప, తిరిగొచ్చినప్పుడు ఆ బారు మీద చెయ్యి వెయ్యలేదు పిచ్చుక. జనం దిగే హడావుడిలో తీరికెక్కడిది? ఒకసారి బండి దాదాపు ఖాళీగా వచ్చింది. మిగతా బార్లన్నీ కదలకుండా ఉన్నాయి. చివరిదొక్కటే గిలగిల్లాడుతోంది. చెయ్యి ఆనించింది. కింద రెండు మోకాళ్ళు ఆగకుండా వణుకుతున్నాయి.

అప్పుడు గుర్తొచ్చింది ఆమెకు. అన్నయ్యకు ఈ బండంటే ప్రాణభయం. రోజూ పొద్దున మెకానిక్కు ఎక్కి చూస్తేగానీ జనాన్ని ఎక్కించరు కాబట్టి, కళ్ళు గట్టిగా మూసుకుని ఎక్కేవాడు. దిగాక కాళ్ళు నిలవక, ఎవరూ చూడకుండా గోడ పట్టుకుని నడిచేవాడు. "మానెయ్యొచ్చుగా అన్నయ్యా" అంటే, "నీ బడి జీతం నీ మొగుడొచ్చి కడతాడా?" అని నవ్వేవాడు. రోజుకు ఒక్కసారికే అలా అయిపోయే మనిషి. ఏడాదిగా పొద్దుటినుంచి పొద్దుగూకేదాకా, ఎక్కడం, పడడం, ఎక్కడం, పడడం. చచ్చినా ఆ భయం చావలేదు. తనకోసం. తను కులాసాగా నవ్వుకుంటూ పంపింది.

పిచ్చుకకు ఏడుపు తన్నుకొచ్చింది. తనమీద తనకే అసహ్యం వేసింది. బారు పూర్తిగా పైకెత్తి పట్టుకుని, మెత్త దగ్గరగా వంగింది.

"దిగన్నయ్యా. చాలు. వదిన్ని నేనే పంపిస్తా, నవ్వుతూ పంపిస్తా. నాకేం కాదు. వంటొచ్చు, పనుంది, తలుపుకి గడియుంది. ఒక్కదాన్నే హాయిగా ఉండగలను. ఒట్టు."

సూపర్‌వైజర్ పైనుంచి ఏమిటాలస్యం అని అరిచాడు. అంతలో సీటు మెత్త నెమ్మదిగా పొంగింది. ఆమె భుజాన్ని రాసుకుంటూ ఏదో పక్కకు తప్పుకుంది, ఇరుకు వరసలోంచి లావుపాటి మనిషి ఒళ్ళు తగలకుండా దిగాలని చూసినట్టు. గోడ వారనే ఎవరో తడబడుతూ నడుస్తున్నట్టు చిన్న అలికిడి మెట్లదాకా వెళ్ళి, ఆగిపోయింది.

ఆమె బారు దించింది. అడుగుదాకా దిగి సీటుకు ఆనింది.

కొత్త జనం ఎక్కారు. బండ్లు వెళ్ళాయి. ఏడాది తరవాత మొదటిసారి ఎర్ర బండి ముందొచ్చింది. అందులోవాళ్ళు చప్పట్లు కొడుతుంటే, వదిన చేతి తొడుగులు తీసేసి, ప్లాట్‌ఫారం మీదే కూలబడి భోరుమంది. పిచ్చుక వంతెన మీంచి పరిగెత్తుకెళ్ళి ఆమెను కావలించుకుంది.

"సాయంత్రం సరేనని చెప్పు వదినా."

"ఏం చెప్పావే ఆయనకి? ఏడాదిగా నా మాట విననివాడు!"

"నేనొక్కదాన్నే ఉండగలనని చెప్పా." పిచ్చుక ముక్కు తుడుచుకుంది. "పిచ్చోడు, నమ్మేశాడు."